నుదుటి నూగు

నేను ఫొటోలు తీసి బతుకుతాను. మా ఊరు కొండాపూర్ మండలంలో ఉంది. నాన్న పోయాక పొలం కౌలుకిచ్చి పటాన్‌చెరు వచ్చి, మొదట ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరాను. నా భార్యను అక్కడే చూశాను. గోలీల పట్టీలు బెల్టు మీద వరసగా వస్తుంటే ఆమె వాటిలో ఖాళీ గళ్లున్నవి పట్టుకుని పక్కకు తీసేది. పెళ్లయ్యాక ఆమె అదే పనిలో ఉండిపోయింది. నేను మాత్రం నిలబడి నిలబడి విసిగి, మార్కెట్ దగ్గరున్న ఒక ఫొటో స్టూడియోలో చేరాను. ఇంద్రేశంలో ఒక పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. ఆమె షిఫ్టులు, నా ఫంక్షన్లు పోను మిగిలిన పొద్దులో ఇద్దరం కలిసి తినేవాళ్లం.

స్టూడియో ఓనరు నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలుస్తాను. కెమెరా చేతికిచ్చిన మొదటి వారమే ఆయన నాకు ఐఎస్ఓ గురించి చెప్పాడు.

"ఎల్తురు మంచిగున్నప్పుడు నూరు మీద పెట్టు. తగ్గినకొద్దీ అంకె పెంచుకుంట పో. కాని పెంచినకొద్దీ ఫొటోల గ్రెయిన్స్ వస్తయి. మొఖం మీద ఇసుక చల్లినట్టు అయితది. కస్టమరు తీస్కోడు."

ఇసుక అన్న మాట నాకు బాగా పట్టుకుంది. తర్వాత పని చేస్తూ చేస్తూ మిగతాది అర్థమైంది. ఐఎస్ఓ అంకె పెంచితే గదిలోకి కొత్తగా వెలుతురేమీ రాదు. కెమెరాకు అందిన కాస్త వెలుతురునే అది పెద్దది చేసి చూపిస్తుంది. దానితో పాటు తనలో ఉన్న గరగరను కూడా పెద్దది చేస్తుంది. దూరపు స్టేషను వినపడటం లేదని రేడియో సౌండు పెంచితే పాటతో పాటు గుర్రుమనే చప్పుడూ పెరిగినట్టు. నీడ ఉన్న చోట ఎర్రవి, పచ్చవి చుక్కలు లేస్తాయి. నల్లని జుట్టు బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. చర్మం రంగు మారుతుంది. సన్నని గీతలు ఆ చుక్కల్లో కలిసిపోతాయి.

అంకె తక్కువ పెడితే ఇవేమీ ఉండవు, రంగులు కడిగినట్టు తేటగా వస్తాయి. కానీ చీకటి గదిలో తక్కువ అంకెతో తీయాలంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు మనిషి కదలకుండా ఉండాలి. కదిలితే ముఖం చెరిగిపోతుంది.

నాకు చిన్నపిల్లల ఫంక్షన్లు ఎక్కువగా వచ్చేవి. ఇరవై ఒకటో రోజు, తొట్టెల, పుట్టువెంట్రుకలు. పిల్లల దగ్గర ఫ్లాష్ కొట్టడం నాకిష్టం ఉండదు, ఉలిక్కిపడి ఏడుస్తారు. అందుకని కిటికీ పక్కన తెల్లగుడ్డ పరిచి, పొద్దున పూట ఎండ నేరుగా పడకుండా చూసుకుని తీసేవాణ్ణి. ఆ ఫొటోల్లో ఒక్క చుక్క ఉండేది కాదు. తల్లులు చూసి, "మా బుజ్జిది వెన్నముద్ద లెక్కున్నదన్నా" అనేవాళ్లు. ఆ మాట కోసమే కష్టపడేవాణ్ణి.

నా భార్యకు నెల తప్పినప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది.

"మన బిడ్డ ఫొటోలు నువ్వు తియ్యొద్దు."

"నేను తియ్యకుంటే ఎవలు తీస్తరు?"

"అన్నను పిలువు. నువ్వు కెమెరా ఎనక నిలబడితే ఇగ ఫొటోల ఎట్ల ఉంటవ్? నా పక్కన ఉండాలె."

సరేనన్నాను. అన్నకు కూడా చెప్పి పెట్టాను. ఆయన నవ్వి, "నీ అంత ఓపిక నాకు లేదురా, నువ్వే లైటు సెట్ చేసి పక్కకొచ్చి కూసో" అన్నాడు.

ఏడో నెలలో ఆమెకు కాళ్లు వాచాయి. ముఖం ఉబ్బింది. కంపెనీకి సెలవు పెట్టింది. ఎండాకాలం కదా, వేడికి అలా అయిందనుకున్నాం. ఒకరోజు పొద్దున తలనొప్పి అని పడుకుంది, కళ్ల ముందు మెరుపులు వస్తున్నాయంది. ఆటోలో పటాన్‌చెరులో ఆమె చూపించుకునే నర్సింగ్ హోంకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ బీపీ చూసి మళ్లీ చూసింది. ఇక ఆగేది లేదు, ఇప్పుడే ఆపరేషన్ చేయాలి, లేకపోతే ఇద్దరికీ కష్టం అంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. అంత చిన్న బిడ్డను చూసుకునే సౌకర్యం అక్కడ లేదు. సంగారెడ్డిలో పెద్దాసుపత్రికి పంపాలన్నారు. అంబులెన్సులో నేను, ఒక ఆయా ఎక్కాం. బట్టలో చుట్టిన బిడ్డ మూతి మీద చిన్న మాస్కు ఉంది. నా భార్యకు అప్పటికి స్పృహ రాలేదు.

ఇస్నాపూర్ దగ్గర కంపెనీ బస్సులు రోడ్డుకు అడ్డంగా తిరుగుతుంటే అంబులెన్స్ ఆగింది. సైరన్ మోగుతూనే ఉంది. ఆయా, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అద్దంలోంచి చేతులు ఊపింది. నేను బిడ్డ కడుపు వైపే చూస్తూ కూర్చున్నాను. అది లేచి పడుతున్నంతసేపూ ఏమీ కాదనుకున్నాను.

సంగారెడ్డిలో బిడ్డను గాజు పెట్టెలో పెట్టారు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఆ వార్డు బయట కూర్చుంది. నేను పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య తిరిగాను. నా భార్యకు మెలకువ వచ్చింది కానీ బీపీ దిగలేదు. మంచం దిగనివ్వలేదు, గదిలో కర్టెన్లు వేసి ఉంచారు. నన్ను చూడగానే అడిగింది.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది. జెర చిన్నగున్నది, అంతే."

"ఎవల లెక్కున్నది?"

అంత చిన్న ముఖంలో పోలిక నాకు పట్టుబడలేదు. "నుదురంత నూగున్నది" అన్నాను. "కనుబొమ్మల దాక. ఎండలో పెడితే బంగారం లెక్క మెరుస్తదేమో."

ఆమె నవ్వింది. ఆపరేషన్ అయ్యాక అదే మొదటి నవ్వు.

"పోయి ఫొటో తీసుకరా. నేను సూస్త."

"అన్నను పిలువాలె కదా" అన్నాను, ఆమెను ఇంకొంచెం నవ్విద్దామని.

"అది తర్వాత. ముందుగాల నువ్వు తీసుకరా."

ఫోనుతో తీయొచ్చు. కానీ ఆ వార్డులో ఎంత చీకటిగా ఉంటుందో నేను చూసి వచ్చాను. స్టూడియోకు పోయి కెమెరా, తక్కువ వెలుతురులో పనికొచ్చే లెన్సు ఒకటి తీసుకున్నాను. అన్న ఫుల్ చార్జి ఉన్న బ్యాటరీ చేతిలో పెట్టాడు.

వార్డులో సిస్టరు మొదట ఒప్పుకోలేదు. ఫొటోలు తియ్యొద్దు, పెద్ద సార్లు ఊకోరు అంది. తల్లి పటాన్‌చెరులో ఉందని, ఇంకా బిడ్డ ముఖం చూడలేదని చెప్పాను. ఆమె కాసేపు నా కెమెరా వైపు చూసింది.

"ఫ్లాష్ కొట్టనంటేనే."

"కొట్టను సిస్టర్. పిల్లల దగ్గర నేను ఎప్పుడూ కొట్ట."

నాకు గౌను తొడిగించి, చేతులు కడిగించి లోపలికి తీసుకెళ్లింది. బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ. లోపల కిటికీలకు పచ్చగుడ్డలు కట్టి ఉన్నాయి, గాజు పెట్టెల మీద కూడా దుప్పట్లు కప్పి ఉన్నాయి. తల్లి కడుపులో ఉండాల్సిన పిల్లలు కదా, వెలుతురు వాళ్లకు మంచిది కాదట. మా బిడ్డ మీద మాత్రం కామెర్లకు పెట్టే నీలం లైటు వెలుగుతోంది, కళ్లకు చిన్న గుడ్డ కట్టారు.

"పాలు పట్టే టైమయింది. లైటు బందు చేసి, కండ్లకు కట్టింది తీస్త" అంది సిస్టరు. "ఆ జెరసేపట్ల తీసుకో. మళ్ల నన్ను ఆపమనద్దు."

నీలం లైటు ఆరిపోయాక ఏమీ కనిపించలేదు. నా కళ్లు కుదురుకునేసరికి బిడ్డ ముఖం కొద్దికొద్దిగా తేలింది. అలవాటు కొద్దీ అంకె ఎనిమిది వందల దగ్గర పెట్టి మొదటి ఫొటో తీశాను. షట్టర్ తెరుచుకుని ఎంతకీ మూసుకోలేదు. ఆలోగా బిడ్డ చెయ్యి ఆడించింది, తల తిప్పింది. ఇది పనికిరాదని చూడకుండానే తెలిసింది. అంకె పెంచాను. పదహారు వందలు, ముప్పై రెండు వందలు. బిడ్డ రొమ్ము ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే వాటికీ ముఖం నిలవలేదు. ఇక చక్రాన్ని ఆగకుండా తిప్పి పన్నెండు వేల ఎనిమిది వందల దగ్గర పెట్టాను. ఆ అంకె మీద నేను ఎప్పుడూ ఎవరి ముఖమూ తీయలేదు. అప్పుడే బిడ్డ ఒక కన్ను సగం తెరిచింది. నన్ను చూసిందని చెప్పలేను, ఆ వయసులో చూపు ఉండదంటారు. కానీ కన్ను నా వైపే ఉంది. నొక్కాను.

"అయిందా అన్నా?" అంది సిస్టరు.

"అయింది."

సాయంత్రానికి పటాన్‌చెరు చేరి కెమెరా నా భార్య చేతికిచ్చాను. ఆమెకు కెమెరా బరువైంది, నేను కింద చెయ్యి ఆన్చి పట్టుకున్నాను. వెనక ఉన్న చిన్న తెర మీద ఫొటో మంచిగానే కనిపించింది. చిన్న తెర మీద గ్రెయిన్స్ తెలియవు. ఆమె చాలాసేపు చూసింది. బొటనవేలితో తెర మీద బిడ్డ చెంప దగ్గర నిమిరింది.

"నూగు ఏది?"

జూమ్ చేసి చూపించాను. దగ్గరకు పోయేకొద్దీ ముఖమంతా చుక్కలు లేచాయి.

"ఏంది గిట్లైతున్నది?"

"అక్కడ ఎల్తురు లేదు. పెద్దగైనంక మంచిగ తీస్త, కిటికీ కాడ పండవెట్టి."

"ఆఁ" అని మళ్లీ చిన్నది చేయించి చూసుకుంది. బిడ్డకు నా పెదవే వచ్చిందంది. పక్క మంచం మీదున్న బాలింతకు కూడా చూపించింది.

మర్నాడు మధ్యాహ్నం సంగారెడ్డిలో బిడ్డ పోయింది. ఊపిరి అందలేదన్నారు. నేను అక్కడే ఉన్నాను. సిస్టరు దుప్పటి ముఖం మీదికి లాగకుండా, కాసేపు అలాగే ఉంచి నన్ను చూడనిచ్చింది.

బిడ్డను పటాన్‌చెరు తీసుకుపోయి తల్లికి ఒక్కసారి చూపించాలనుకున్నాను. నర్సింగ్ హోంకు ఫోన్ చేశాను. ఇక్కడ వేరే బాలింతలున్నారు, శవాన్ని తీసుకురావద్దు, ఆమెకు కూడా బీపీ మళ్లీ పెరుగుతుంది అన్నారు. ఆమెను ఇటు పంపమంటే మంచం దించేది లేదన్నారు. మా అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని పక్కన పెట్టింది.

"ఊరికి పోదాం కొడుకా. పొద్దుండంగనే కానిద్దాం. తల్లికి సూపియ్యద్దు. సూస్తే మర్శిపోదు."

సంగారెడ్డి నుంచి మా ఊరు ఒక దిక్కు, పటాన్‌చెరు ఇంకో దిక్కు. ఆటో మా ఊరి దిక్కు తిరిగింది. దారిలో నా భార్య ఫోన్ చేసింది. ఎవరో అప్పటికే చెప్పేశారు. ఆమె ఏడవలేదు.

"యాడున్నరు?" అంది.

"దారిల."

"ఏ దారిల?"

నేను ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను. ఆటో చప్పుడు విని ఆమె, "నేను సూడకుంటనే తీస్కపోతున్నరా" అని ఫోను పెట్టేసింది.

మా పొలం గట్టు దగ్గర, నాన్నను పెట్టిన చోటికి కొంచెం ఇవతల బిడ్డను పెట్టాం. పెద్దనాయన గుంత తీశాడు. పత్తి పీకేసిన చేను ఖాళీగా ఉంది. నేల ఎండకు గట్టిపడి గడ్డపారకు దిగలేదు. పెద్దనాయన నీళ్లు తెప్పించి, పోసి, మెత్తబడేదాకా ఆగి తవ్వాడు.

నా భార్య ఇంటికొచ్చాక పాలు వచ్చాయి. దానికి ఎవరూ సిద్ధంగా లేము. ఆమె జాకెట్టు తడిసిపోయి గోడకు తిరిగి కూర్చునేది. మా అమ్మ పొద్దున్నే మల్లెపూలు తెచ్చి గుడ్డలో పెట్టి రొమ్ములకు గట్టిగా కట్టేది, పాలు ఇంకిపోవాలని. మా ఇల్లంతా మల్లెల వాసన. పక్క పోర్షన్ ఆమె ఏదో పండగ అనుకుని తొంగి చూసి, విషయం తెలిసి తల దించుకుని వెళ్లిపోయింది.

ఫొటో గురించి ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఆ కార్డు మాత్రం కెమెరాలోంచి తీసి విడిగా పెట్టాను. స్టూడియోలో పిల్లల ఫంక్షన్లు వస్తే అన్నే పోయేవాడు. నన్ను పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పంపేవాడు.

వానలు పడ్డాక ఆమె మళ్లీ కంపెనీకి పోవడం మొదలుపెట్టింది. వారం సెలవు రోజు ఒకసారి, బియ్యం ఏరుతూ ఏరుతూ తల ఎత్తకుండా అంది.

"బిడ్డ ఫొటో ఉన్నదా?"

"ఉన్నది."

"పెద్దగ చేసి ఇయ్యి."

మర్నాడు స్టూడియోలో గిరాకీ లేని మధ్యాహ్నం కార్డు పెట్టి కంప్యూటర్లో తెరిచాను. పెద్ద తెర మీద ఆ ఫొటోను చూడటం అదే మొదలు. బిడ్డ తలకు పెట్టిన టోపీ కింద నీడలో ఎర్రవి, నీలివి చుక్కలు కుప్పలుగా ఉన్నాయి. చెంప మీద మచ్చలు మచ్చలుగా రంగు. తెరిచిన కన్ను మాత్రం నల్లగా, తడిగా ఉంది. నేను పదిమంది తల్లులకు ఇచ్చిన ఫొటోల్లో ఇంత పాడైనది ఒక్కటి లేదు. నా బిడ్డది ఒక్కటే ఇలా ఉందనిపించి తట్టుకోలేకపోయాను. నాయిస్ అనే ఈ చుక్కల్ని తీసేసే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎంత తీసేయాలో చెప్పే గీటును కుడివైపు చివరిదాకా జరిపాను. చుక్కలన్నీ పోయాయి. చర్మం పాలమీగడలా అయింది. మంచి కాగితం మీద పెద్ద సైజులో వేసి, ఫ్రేము కట్టి ఇంటికి తీసుకుపోయాను.

ఆమె షిఫ్టు నుంచి వచ్చి చేతులు కడుక్కుని, తుడుచుకుని అందుకుంది. తలుపు దగ్గరికి పోయి వెలుతురుకు పట్టి చూసింది.

"ఇదెవరు?" అంది.

"మన బిడ్డనే."

"నుదురు మీద నూగున్నదంటివి. యాడున్నది?"

అప్పుడు నేనూ చూశాను. నుదురు నున్నగా ఉంది. పై పెదవి మీది సన్న గీతలు లేవు. ముక్కు పక్కన చర్మం పొరలు పొరలుగా లేచి ఉండేది, అదీ లేదు. దుకాణంలో అద్దాల వెనక పెట్టే బొమ్మ ముఖం.

"జెర సాఫ్ చేసిన" అన్నాను. "చుక్కలు మస్తుగుండె."

"ఎందుకు సాఫ్ చేసినవ్? నేను అడిగిన్నా?"

ఆమె గొంతు పెంచలేదు. ఫ్రేమును గోడకు తిప్పి ఆన్చి, లోపలికి పోయి పడుకుంది.

మర్నాడు ఆమెది రెండో షిఫ్టు, మధ్యాహ్నం పోతే చాలు. పొద్దున నేను స్టూడియోకు బయలుదేరుతుంటే చెప్పులు వేసుకుని నా వెంట వచ్చింది. అన్న ఆమెకు కుర్చీ వేసి, చాయ్ చెప్పొస్తానని బయటికి పోయాడు. చాలాసేపటిదాకా రాలేదు.

నేను అసలు ఫొటో తెరిచి, పక్కనే సాఫ్ చేసింది పెట్టాను. ఎందుకలా అవుతుందో చెప్పాను. అక్కడ చీకటిగా ఉండటం, బిడ్డ కదలడం, అంకె పెంచక తప్పకపోవడం. చుక్కలు తీసే సాఫ్ట్‌వేర్‌కు బిడ్డ ఎవరో తెలియదని, సన్నగా ఉన్నదల్లా దానికి చుక్కలాగే కనిపిస్తుందని, నూగును కూడా అదే అనుకుని తుడిచేసిందని చెప్పాను. ఆమె అన్నీ విన్నది.

"మెల్లగ ఎనక్కి తే" అంది.

గీటును కుడి నుంచి ఎడమకు కొద్దికొద్దిగా జరిపాను. నున్నటి నుదురు మీద ముందు మసక వచ్చింది. తర్వాత కనుబొమ్మల దగ్గర సన్నని గీతలు లేచాయి. ఆమె ముందుకు వంగింది. ఇంకా జరిపితే నూగు కనిపించింది, దానితో పాటే ఇసుక కూడా కనిపించింది.

"ఇది వెంట్రుకనేనా?" ఒక చోట వేలు పెట్టింది.

"అవును."

"ఇది?"

"అది గ్రెయిన్."

"ఇది?"

నేను జూమ్ చేసి చూశాను. ఎంత చూసినా తెలియలేదు. రెండూ ఒకే రంగులో, ఒకే మందాన ఉన్నాయి.

"ఇది నాకు తెలుస్తలేదు" అన్నాను.

"తెల్వకుంటె ఉండనీ" అంది. "రెండు ఉండనీ. ఏదీ తియ్యకు."

తర్వాత మిగతావి కూడా చూపించమంది. అవి చెడిపోయాయన్నా వినలేదు. ఎనిమిది వందల మీద తీసిన మొదటి ఫొటో దగ్గర ఆగింది. అందులో ఒక్క చుక్క లేదు. రంగు కడిగినట్టుంది, బిడ్డ చర్మం ఎర్రమన్ను ఛాయ అని అందులోనే తెలుస్తుంది. ముఖం మాత్రం చెరిగిపోయింది. చెయ్యి ఉన్న చోట పొగలాంటి చార ఉంది.

"ఇదేంది?"

"చెయ్యి. ఆడిచ్చింది."

"చెయ్యి ఆడిచ్చిందా" అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిడ్డ పోయిన నాటి నుంచి నేను చూస్తుండగా ఆమె ఏడ్చింది అప్పుడే. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని పక్కన కూర్చున్నాను.

కాసేపయ్యాక ముఖం తుడుచుకుని, "రెండూ ఇయ్యి" అంది.

"ఎంత సైజు?"

"నువ్వు చెప్పు. దాని మొఖం ఎంతుండె?"

నా పిడికిలి మూసి చూపించాను. అంతకంటే కొంచెం తక్కువ అన్నాను.

"అంతనే చెయ్యి. ఎక్కువద్దు, తక్కువద్దు."

అన్న వచ్చాక ఆయనే మెరుపు లేని కాగితం తీసి ఇచ్చాడు. ముఖం నా పిడికిలంత వచ్చేలా కొలత పెట్టి వేశాం. అంత చిన్న సైజులో చుక్కలు చాలావరకు కాగితంలో ఇమిడిపోయాయి. కన్ను నిలిచింది. నుదుటి మీద నూగు ఉందో లేదో అన్నట్టుగా ఉంది. ఆమె ఆ రెండు ఫొటోలను రుమాలులో పెట్టుకుని అటు నుంచే కంపెనీ బస్సు ఎక్కింది.

వాటిని బీరువా మీద గోడకు ఆన్చి పెట్టింది. దసరా ముందు మా అమ్మ వచ్చి చూసింది. నన్ను పక్కకు పిలిచింది.

"పోయిన పసిగుడ్డు ఫొటో ఇంట్ల పెట్టుకోరురా. మళ్ల కడుపు పండాలె గద. తీసెయ్యి."

నేను జవాబు చెప్పేలోపు వంటింట్లోంచి నా భార్య అంది: "తియ్యద్దత్తమ్మా. నేను దాన్ని సూసింది గంతనే."

ఆ పూట అమ్మ తిన్నది తక్కువే. మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి, అమ్మ బీరువా ముందు నిలబడి కన్ను తెరిచిన ఫొటోను చేతికి తీసుకుని దూరంగా పట్టుకుని చూస్తోంది. నా భార్య ఆమె పక్కన నిలబడి ఉంది.

"నీ మొగని కంటె ముందు నాకొక పిల్ల అయింది" అంది అమ్మ.

నాకు తెలియదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

"ఇంట్లనే పురుడు. ఏడుపు ఇనవడ్డది నాకు. మల్ల ఇనవల్లే. మా అత్త బట్టల సుట్టి తీస్కపోయింది. సూపియ్యమంటే, మొఖం సూస్తే మర్శిపోవు అన్నది." అమ్మ ఫొటోను ఇంకొంచెం దూరం జరిపింది. "సూడకున్నా మర్శిపోలే."

నా భార్య ఆమె చేతిలోంచి ఫొటో తీసుకోలేదు. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. అమ్మ ఫొటోను ఒళ్లో పెట్టుకుంది. నా భార్య వైపు తిరిగి అడిగింది.

"దీనికేమన్న పేరు అనుకున్నవా బిడ్డా?"

ఆసుపత్రి కాగితాల్లో నా భార్య పేరు రాసి, ఆమె బిడ్డ అని మాత్రమే ఉంది. మేమిద్దరం పేర్ల గురించి మాట్లాడుకునే దాకా రాలేదు. నా భార్య తల ఊపింది. నాకు చెప్పని పేరు మెల్లగా మా అమ్మకు చెప్పింది. గది చిన్నది, నాకూ వినిపించింది. ఈ కాలపు పేరు, మా ఊళ్లో ఎవరికీ లేనిది.

అమ్మ దాన్ని అనబోయి తప్పు పలికింది. నా భార్య సరిదిద్దింది. అమ్మ మళ్లీ తప్పు పలికింది.

"నోరు తిరుగుతలేదే" అంది.

"మెల్లగ అను అత్తమ్మా. ముక్కలు ముక్కలు చేసి అను."

మూడోసారికి వచ్చింది. సాయంత్రం అమ్మ ఊరికి పోతానంది. చెయ్యి ఆడించిన ఫొటో తనకిమ్మని అడిగితే, నేను ఇంకొకటి వేసి పంపుతానన్నాను. కానీ నా భార్య ఉన్నదే తీసి ఇచ్చింది. అమ్మ దాన్ని పాత చీర ముక్కలో చుట్టి సంచిలో బట్టల మధ్య పెట్టుకుంది. బస్టాండుకు ఆటోలో తీసుకుపోయాను. సంగారెడ్డి బస్సు నిండుగా వచ్చింది. షిఫ్టు దిగిన వాళ్లు మెట్ల మీద కూడా నిలబడి ఉన్నారు. ఒక అమ్మాయి లేచి అమ్మకు సీటిచ్చింది. అమ్మ సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. బస్సు కదిలేటప్పుడు నా వైపు చూడలేదు. పెదవులు కదుపుతూ, పేరును ముక్కలు ముక్కలుగా అనుకుంటూ ముందుకు చూస్తూ కూర్చుంది.